చిన్న దీవులు, పెద్ద బంతి – 6: ఊరు బూడిదలో, జట్టు లండన్‌లో

పోయినవారం బార్బడోస్, గ్రెనడా జట్ల మ్యాచ్ గురించి చెప్పుకున్నాం. 1994 జనవరిలో పోటీ నిబంధనలోని ఒక మెలిక పుణ్యమా అని ఒక జట్టు కావాలని తన గోల్లోకే బంతి తన్నుకున్న ముచ్చట అది. ఈవారం అక్కడినుంచి వాయవ్యంగా, ఆంటిగ్వాకు నైరుతి దిక్కున ఉన్న మాంట్సెరాట్‌కు వెళ్దాం. పొడవు 16 కిలోమీటర్లు, వెడల్పు 11. విస్తీర్ణం 102 చదరపు కిలోమీటర్లు. మన మండలాల్లో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ నేల ఉంటుంది. అక్కడ ఇప్పుడు కాపురముంటున్నది ఐదు వేల లోపు మంది. ఉన్న ఆ కాస్త నేలలోనూ సగానికి పైగా నిషిద్ధ ప్రాంతం, పోలీసులు గేటు వేసి కాపలా కాస్తారు. అయినా ఫిఫాలో ఆ దీవికి ఒక జట్టుంది, ఒక ఓటుంది. ఆ ఓటు విలువ బ్రెజిల్ ఓటుతో సమానం.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇక్కడ ఒక తికమక ఉంది. వెస్టిండీస్ అంటే మనకు ఒకే జట్టు. జమైకా వాళ్లు, బార్బడోస్ వాళ్లు, గయానా వాళ్లు అందరూ ఒకే టోపీ పెట్టుకుని దిగుతారు. మాంట్సెరాట్‌ నుంచి కూడా లయొనెల్ బేకర్ 2008లో ఆ టోపీ పెట్టుకున్నాడు, ఆ దీవి నుంచి టెస్టు ఆడిన మొదటి మనిషిగా. ఫుట్‌బాల్‌కొచ్చేసరికి ఆ ఉమ్మడి కాపురం లేదు. ఏ దీవికి ఆ దీవి వేరు కుంపటి. బ్రిటన్ పాలన కింద ఉన్నాసరే, స్వతంత్ర దేశం కాకపోయినాసరే, సొంత సంఘం పెట్టుకుని పోటీకి రావచ్చు. ఈ వేరు కుంపట్ల వల్ల ఫిఫా ఎన్నికల్లో కరీబియన్ ఓట్లకు విపరీతమైన గిరాకీ వచ్చింది. 2011 మేలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ హోటల్లో దీవుల ప్రతినిధులకు తలా 40,000 డాలర్ల నగదు కవర్లు అందాయన్న గొడవ ఆ గిరాకీ ఫలితమే. అది వేరే కథ, ఇంకోసారి చెప్పుకుందాం. మాంట్సెరాట్ కథలో డబ్బుకన్నా బూడిద ఎక్కువ.

కొలంబస్ 1493లో ఈ దీవి పక్కనుంచి వెళ్తూ, స్పెయిన్‌లోని ఒక మఠం పేరు దీనికి పెట్టాడు. దిగి చూడను కూడా లేదు. 1632 నుంచి ఆంగ్లేయుల చేతిలోకి వచ్చింది. పక్క దీవుల్లో పడనివ్వని ఐరిష్ కాథలిక్కులు ఇక్కడికి చేరారు. వాళ్లలో కూలీలున్నారు, తరవాత తరవాత చెరకు తోటల యజమానులూ అయ్యారు. ఆ తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి బానిసల్ని దించారు. 1768లో సెయింట్ పాట్రిక్ పండగ నాడు దొరలందరూ తాగి మత్తులో ఉంటారు, అదే అదను అనుకుని ఆ బానిసలు తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. రహస్యం బయటపడింది, నాయకుల్ని ఉరితీశారు. ఐర్లండ్ బయట మార్చి 17న ప్రభుత్వ సెలవు ఇచ్చే అతి కొద్ది చోట్లలో ఇదొకటి. పండగ ఐరిష్ సాధువుదే, తలుచుకునేది మాత్రం ఉరికంబమెక్కినవాళ్లని. జట్టు చొక్కా పచ్చన, మారుపేరు 'ఎమరాల్డ్ బాయ్స్'. ఆటగాళ్ల జాబితా చూస్తే ఫారెల్, రయన్, రైలీ లాంటి ఇంటిపేర్లు కనిపిస్తాయి. డబ్లిన్ జట్టేమో అనుకుంటాం. ఆ పేర్లలో చాలావాటి వెనక బానిసత్వపు రోజులున్నాయని తెలిశాక మళ్లీ అంత తేలిగ్గా చదవలేం.

ఈ జట్టు అంతర్జాతీయ ఆట మొదలుపెట్టింది 1990ల ఆరంభంలో. దాని చరిత్రలో నేను పదేపదే ఆగిపోయే సంవత్సరం 1995. ఆ వసంతంలో కరీబియన్ కప్ ప్రాథమిక పోటీల్లో మాంట్సెరాట్ ఆంగ్విలాను రెండుసార్లు ఓడించింది, 3–2తో ఒకసారి, 1–0తో ఇంకోసారి. వాళ్ల మొదటి గెలుపులు అవే. తరవాతి దశలో సెయింట్ విన్సెంట్ చేతిలో చావుదెబ్బ తిన్నారు, అందులో ఒక మ్యాచ్ 11–0. అయితేనేం, గెలుపు రుచి తెలిసింది. ఏటా రెండు మూడు మ్యాచ్‌లు ఆడుకుంటూ పోతే మెల్లిగా నిలదొక్కుకునేవాళ్లేమో.

అదే ఏడాది జులై 18న దీవి దక్షిణాన ఉన్న సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం, కొన్ని శతాబ్దాలుగా పడుకుని ఉన్నది, నిద్ర లేచింది. మొదట ఆవిరి, బూడిద. ఆగస్టులో రాజధాని ప్లిమత్‌ను ఒకసారి ఖాళీ చేయించారు, జనం తిరిగొచ్చారు, మళ్లీ పొమ్మన్నారు. 1996 ఏప్రిల్‌లో వెళ్లినవాళ్లకు ఇక తిరిగి రావడం లేకపోయింది. చిత్రమేమిటంటే మాంట్సెరాట్‌కు ఫిఫా సభ్యత్వం వచ్చిందీ 1996లోనే. ప్రపంచ ఫుట్‌బాల్ తలుపు తెరిచేవేళకు ఇంటికి తాళం పడింది.

1997 జూన్ 25న పర్వతం నిజంగా కాటేసింది. మండే బూడిద, రాళ్లు, వాయువులు కలిసిన ప్రవాహం వాలుమీదుగా దూసుకొచ్చి తూర్పు తీరపు పల్లెల్ని కప్పేసింది. 19 మంది చనిపోయారు. వద్దన్నా పొలాలు వదల్లేక, శిబిరాల్లో ఉండలేక తిరిగెళ్లిన రైతులు అందులో ఉన్నారు. దీవికి ఉన్న ఒకే ఒక్క విమానాశ్రయం ఆ రోజుతో మూతపడింది. ఆగస్టుకల్లా ప్లిమత్ తగలబడింది. స్టర్జ్ పార్క్, ఊరి క్రికెట్ మైదానం, అందులోనే పోయింది. ఇప్పటికీ కాగితాల మీద రాజధాని ప్లిమతే. మనుషులెవరూ లేని రాజధాని.

అగ్నిపర్వతానికి ముందు దీవి జనాభా సుమారు 11,000. మూడింట రెండొంతుల మంది వెళ్లిపోయారు, ఆంటిగ్వాకు కొందరు, ఎక్కువమంది ఇంగ్లండ్‌కు. మిగిలినవాళ్లు ఉత్తరాన చర్చిల్లో, బడుల్లో, గుడారాల్లో తలదాచుకుని ఇంకాస్త సాయం అడిగితే, అప్పటి బ్రిటిష్ అంతర్జాతీయ అభివృద్ధి మంత్రి క్లేర్ షార్ట్ విసుక్కున్నారు. ఇలా పోతే రేపు బంగారు ఏనుగులు కూడా అడుగుతారని ఆమె అన్న మాటను దీవి ప్రజలు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇలాంటి చోట ఫుట్‌బాల్ ఏమవుతుంది? ఉత్తరాన ఉన్నదంతా కొండలూ గుట్టలే, మైదానమంత చదును నేల దొరకడమే గగనం. యువకుల్లో ఎక్కువమంది పడవెక్కేశారు. ఉద్యోగం కట్టేసినవాళ్లు మిగిలారు, ముఖ్యంగా పోలీసులు. 2000లో మళ్లీ లీగు నడిపితే గెలిచింది రాయల్ మాంట్సెరాట్ పోలీసు జట్టే, ఆ తరవాతి ఏడాదీ వాళ్లే. ఎందుకు గెలవరు మరి? నిషిద్ధ ప్రాంతపు గేటు దగ్గర నిలబడ్డవాళ్లే సాయంత్రం జట్టులోనూ నిలబడాల్సిన పరిస్థితి. 2000 మార్చిలో మొదటిసారి ప్రపంచ కప్ అర్హత పోటీలకు దిగారు. డొమినికన్ రిపబ్లిక్ చేతిలో 3–0, 3–1తో ఓడారు. ఆ ఒక్క గోలూ వాళ్లకు పండగే.

ఇక భూటాన్ మ్యాచ్. మాంట్సెరాట్ ఫుట్‌బాల్ అనగానే లోకానికి గుర్తొచ్చేది అదొక్కటే కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

2002 ప్రపంచ కప్‌కు నెదర్లాండ్స్ అర్హత సాధించలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రకటనలు తీసే యోహాన్ క్రామర్‌కు ఆ దిగులులోంచి ఒక ఆలోచన వచ్చింది. అందరికన్నా పైనున్న రెండు జట్లు జూన్ 30న యోకోహామాలో ఫైనల్ ఆడతాయి సరే, అందరికన్నా కిందున్న రెండు జట్లు అదే రోజు ఆడితే? ఫిఫా ర్యాంకుల పట్టిక తిరగేస్తే అట్టడుగున 202 భూటాన్, 203 మాంట్సెరాట్. అంతకు రెండేళ్ల క్రితమే భూటాన్ కువైట్ చేతిలో 20–0తో ఓడింది. రెండు సంఘాలకూ కబురు వెళ్లింది, రెండూ సరే అన్నాయి. వేదిక థింపూలోని చాంగ్లిమితాంగ్ మైదానం.

ఇప్పుడు ఆ ప్రయాణం ఊహించండి. అప్పటికి దీవిలో విమానాశ్రయం లేదు, బూడిద కింద ఉంది. ముందు ఆంటిగ్వా చేరాలి. అక్కడినుంచి సెయింట్ మార్టెన్, కురసావ్, సముద్రం దాటి ఆమ్‌స్టర్‌డామ్, మళ్లీ బ్యాంకాక్, అక్కడినుంచి మన కలకత్తా, చివరికి పారో. రోజుల తరబడి విమానాలూ, విశ్రాంతి గదులూ. దారిలో కొందరు జబ్బుపడ్డారు. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగినవాళ్లు సుమారు 2,300 మీటర్ల ఎత్తున పరుగెత్తాలి, ఊపిరి అందదు. ఎవరు గెలుస్తారో అప్పుడే తేలిపోయి ఉండాలి. ఐదో నిమిషంలోనే భూటాన్ కెప్టెన్ వాంగే దోర్జీ మొదటి గోలు కొట్టాడు. ఇంకో రెండు కలిపి హ్యాట్రిక్ పూర్తి చేశాడు, దినేశ్ ఛెత్రి ఒకటి కొట్టాడు. 4–0. రిఫరీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్టీవ్ బెనెట్, అంటే ఆట సరదాది కాదు, ఫిఫా లెక్కలోకి వచ్చే అసలు మ్యాచే. కప్పును మాత్రం ముందే రెండు సగాలుగా విడదీసేలా చేయించారు, తలొక ముక్క తీసుకెళ్లారు. క్రామర్ దీన్ని 'ది అదర్ ఫైనల్' పేరుతో డాక్యుమెంటరీగా తీశాడు.

ఆ సినిమా అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. కానీ దాని చలవతో మాంట్సెరాట్ మీద ఒక ముద్ర కూడా పడింది: ఓడినా నవ్వే అమాయకపు జట్టు అని. ఓడినవాళ్లను ముద్దుచేయడం మనకు సులువు, ఎందుకంటే ఆ ఓటమి మనది కాదు. ఆ ఆటగాళ్లలో ఎవరూ ఓడడానికి అన్ని విమానాలు మారలేదు. రెండేళ్లు తిరక్కుండానే, 2004 ఫిబ్రవరి 29న, బెర్ముడా మాంట్సెరాట్ మీద 13 గోల్స్ వేసింది. మూడు వారాల తరవాత మాంట్సెరాట్ గడ్డ మీదే ఇంకో ఏడు. రెండు మ్యాచ్‌లు కలిపి 20–0. ఆ రోజు సినిమా తీసేవాళ్లెవరూ రాలేదు.

ఆ రెండో మ్యాచ్ జరిగిన చోటు గురించి చెప్పాలి. బ్లేక్స్ ఎస్టేట్ మైదానం. ఉత్తరాన లుక్ అవుట్ అనే ఊరి పక్కన, ఫిఫా సాయంతో కట్టారు. లుక్ అవుట్ పాత ఊరు కాదు, దక్షిణాన ఇళ్లు పోయినవాళ్ల కోసం కట్టిన పునరావాస కాలనీ. అంటే నిర్వాసితుల కాలనీ పక్కనే దేశపు మైదానం. వెయ్యిమంది కూర్చునే స్టాండు. వెయ్యంటే నవ్వకండి, దీవి జనాభాలో ఐదో వంతు. ఈ మైదానం కూడా చాలాకాలం ఫిఫా కొలతలకు ఆనలేదు. 2008లో సురినామ్‌తో ప్రపంచ కప్ అర్హత పోటీ రెండు మ్యాచ్‌లు జరగాల్సింది, ట్రినిడాడ్‌లో ఒక్కటే పెట్టి ముగించారు. 7–1తో ఓడారు. 2014 ప్రపంచ కప్ అర్హత పోటీల మొత్తానికీ, అంటే ప్రపంచం మొత్తానికీ, మొట్టమొదటి మ్యాచ్ మాంట్సెరాట్‌దే. 2011 జూన్ 15న బెలీజ్‌తో. అదీ ట్రినిడాడ్‌లోనే. 5–2తో ఓటమి. సొంతగడ్డ మ్యాచ్ అని కాగితం మీద రాసుకున్నారు, గడ్డ మాత్రం పక్కింటివాళ్లది.

అప్పటికే జట్టు స్వభావం మారడం మొదలైంది. ఇదే ఈ కథకు ఆయువుపట్టు.

దీవిలో ఆడగల వయసున్న మగవాళ్లు కొన్ని వందల మంది ఉంటారేమో. వాళ్లతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? కానీ లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, లెస్టర్‌లో మాంట్సెరాట్ ఇళ్లున్నాయి. అవన్నీ అగ్నిపర్వతం తరిమినవే అనుకుంటే పొరపాటు. 1950లలో, 60లలోనే పనికోసం వేలమంది ఇంగ్లండ్ వెళ్లారు. పర్వతం తరిమిన రెండో విడత, ఆ మొదటి విడత వాళ్ల వీధుల్లోకే చేరింది. భూటాన్ మ్యాచ్‌కు నెల ముందు, 2002 మే 21 నుంచి మాంట్సెరాట్ ప్రజలకు పూర్తి బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది. రాకపోకలు సులువయ్యాయి. ఫిఫా నిబంధన ప్రకారం బ్రిటిష్ పాస్‌పోర్టు ఒక్కటీ ఉంటే చాలదు. ఆ పాస్‌పోర్టుతో ఎన్ని జట్లకైనా ఆడవచ్చు కదా! ఆటగాడైనా, అమ్మానాన్నల్లో ఒకరైనా, తాతా నాయనమ్మా అమ్మమ్మల్లో ఒకరైనా ఆ గడ్డ మీద పుట్టి ఉండాలి, లేదా ఆటగాడు అక్కడ కొన్నేళ్లు నివసించి ఉండాలి. అందుకని జట్టు కట్టడమంటే వంశవృక్షాలు తిరగేయడమయింది. ఇంగ్లండ్ కింది స్థాయి లీగుల్లో ఫలానా కుర్రాడు బాగా ఆడుతున్నాడట, వాళ్ల నాయనమ్మది దీవిలోని సేలం ఊరట అనే కబురు అందితే ఫోన్ వెళ్తుంది. వాళ్ల నాయనమ్మ ఊరు ఇప్పుడు జనం ఉండగలిగిన చోటా, బూడిద కింద ఉన్న చోటా అన్నదానితో ఫిఫాకు పనిలేదు.

2010ల మొదట్లో లండన్ మనిషి కెన్నీ డయ్యర్ శిక్షకుడిగా ఈ పని ఊపందుకుంది. 2012 సెప్టెంబరులో మార్టినిక్‌లో జరిగిన కరీబియన్ కప్ పోటీల్లో బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్‌ను 7–0తో ఓడించారు. ఆంగ్విలాను గెలిచిన 17 ఏళ్లకు మళ్లీ గెలుపు. ఫిఫా సభ్యులయ్యాక ఇదే మొదటిది.

2015 మార్చిలో కురసావ్‌తో ప్రపంచ కప్ అర్హత పోటీ వచ్చింది. కురసావ్ శిక్షకుడు ఎవరో కాదు, డచ్ దిగ్గజం పాట్రిక్ క్లూయివర్ట్. కురసావ్‌లో జరిగిన మొదటి మ్యాచ్ 2–1తో పోయింది. రెండోది బ్లేక్స్‌లో. చాంపియన్స్ లీగ్ ఫైనల్లో గోలు కొట్టిన మనిషి ఆ చిన్న గట్టు పక్కన నిలబడి కేకలు వేయాల్సివచ్చింది. ఆట 2–2తో ముగిసింది, మొత్తం 4–3తో మాంట్సెరాట్ బయటికి. ఇంగ్లండ్‌లో పుట్టిన లైల్ టేలర్ ఆ పోటీతోనే జట్టులోకి వచ్చాడు. తరవాత చార్ల్‌టన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బులకు ఆడినవాడు, ఈ జట్టు చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. 20–0 నుంచి 4–3కు రావడానికి పదకొండేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు వినిపిస్తుంది, కొట్టిపారేయదగ్గది కాదు. దీవిలోనే ఉండిపోయినవాళ్లు, బూడిద ఊడ్చుకుంటూ బతికినవాళ్లు, వాళ్ల పిల్లలకు జట్టులో చోటు తగ్గింది. లండన్ యాసలో మాట్లాడే కుర్రాళ్లు మ్యాచ్‌కు మూడు రోజుల ముందు దిగి, అయిపోగానే వెళ్లిపోతారు. ఇది ఎవరి జట్టు? నా మట్టుకు నాకు వాళ్లూ ఆ దీవివాళ్లే. మూడింట రెండొంతుల మందిని కొండ వెళ్లగొట్టిన చోట, పోయినవాళ్ల పిల్లలు పరాయివాళ్లంటే ఇక మిగిలేదెంత? అయితే లుక్ అవుట్‌లో రోజూ సాయంత్రం అదే మైదానంలో బంతి తన్నే పదహారేళ్ల కుర్రాడికి ఈ వాదన చెప్పి ఒప్పించడం నావల్ల కాదు.

స్కాట్లండ్ తరఫున 1978 ప్రపంచ కప్ జట్టులో ఉన్న, మాంచెస్టర్ సిటీ మాజీ ఆటగాడు విల్లీ డొనాకీ 2018లో శిక్షకుడయ్యాడు. అప్పుడే ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ ఫుట్‌బాల్ సమాఖ్య కాంకకాఫ్ నడిపే నేషన్స్ లీగ్ మొదలైంది. అంతవరకూ చిన్న దీవులకు ఏళ్ల తరబడి మ్యాచ్ ఉండేది కాదు. ప్రపంచ కప్ అర్హతకు ఒకటో రెండో ఆడి ఓడితే మళ్లీ నాలుగేళ్లు ఖాళీ. ర్యాంకుల్లో అడుగున పడి ఉండడానికి అదీ ఒక కారణమే. ఇప్పుడు ఏటా మ్యాచ్‌లు గ్యారంటీ. తొలి దశలో ఎల్ సాల్వడార్ చేతిలో 2–1తో ఓడినా, బెలీజ్‌ను 1–0తో, అరూబాను 2–0తో, కేమన్ ఐలండ్స్‌ను 2–1తో గెలిచారు. తొమ్మిది పాయింట్లు. గోల్స్ తేడా దగ్గర వెనకబడి, కాంకకాఫ్ దేశాల పెద్ద పోటీ అయిన గోల్డ్ కప్ 2019లో చేజారింది. ప్రపంచ కప్ ఆడిన దేశం ఎల్ సాల్వడార్, జనాభా అరవై లక్షల పైమాటే. వాళ్లతో పాయింట్లలో సమానంగా నిలిచి ఆగిపోయింది ఐదు వేల మంది లేని దీవి.

2021లో కోవిడ్ ఆంక్షల మధ్య ప్రపంచ కప్ అర్హత పోటీలు. ఆంటిగ్వాతో 2–2, అదే ఎల్ సాల్వడార్‌తో 1–1. యూఎస్ వర్జిన్ ఐలండ్స్ మీద 4–0, గ్రెనడా మీద గెలుపు. నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క ఓటమీ లేదు, ఎనిమిది పాయింట్లు. పది పాయింట్లతో ఎల్ సాల్వడార్ పైకి వెళ్లింది, ఒక్క జట్టుకే చోటు. ఓడకుండానే ఇంటికి రావడం మాంట్సెరాట్‌కు అదే మొదటిసారి. ఆ జులైలో గోల్డ్ కప్ ప్రాథమిక పోటీలో ట్రినిడాడ్ 6–1తో చిత్తుచేసి, ఇంకా ఎంత దూరం ఉందో గుర్తుచేసింది.

2015లో బ్లేక్స్ మైదానంలో చెమటలు కక్కిన కురసావ్ మాత్రం ఆ తరవాత ఎక్కడికో వెళ్లిపోయింది. 2025 నవంబరులో జమైకాతో డ్రా చేసుకుని 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. పురుషుల ప్రపంచ కప్‌కు అర్హత సాధించిన దేశాలన్నిటిలో ఇంత తక్కువ జనాభా ఉన్నది అంతవరకూ లేదు. వాళ్లు పట్టిందీ ఇదే దారి. వంశవృక్షాలు తిరగేయడమే, కాకపోతే లండన్ బదులు రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్. డచ్ అకాడమీల్లో తయారైన ఆటగాళ్లు అక్కడ దొరుకుతుంటే, మాంట్సెరాట్‌కు ఇంగ్లండ్ ఐదో అంచె లీగులవాళ్లు ఎందుకు దొరుకుతున్నారన్నది వచ్చేవారం చూద్దాం.